మెదడు రక్తప్రవాహం కొలిచే స్కాన్‌కి తమ్ముణ్ణి పంపాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. మీ తమ్ముడికి 23 ఏళ్లు. ఇంజినీరింగ్ మూడో ఏడు మధ్యలో ఆగిపోయింది. ఏడాది కిందట గొంతులు వినబడటం మొదలైంది. స్కిజోఫ్రేనియా అన్నారు. ఎనిమిది నెలలుగా రిస్పెరిడోన్ అనే మందు వాడుతున్నాడు, ఇప్పుడు కొంత నయం. చూపించుకుంటున్న చోటే ఒక రీసెర్చ్ టీమ్ వచ్చి, ఈ జబ్బు ఉన్నవాళ్ల మెదడులో రక్తప్రవాహం ఎమ్మారైతో కొలుస్తున్నాం, ఇంజెక్షన్ ఉండదు, వస్తారా అని అడిగింది. ఈలోగా మీ బాబాయి, ఇంకోచోట స్పెక్ట్ స్కాన్ (ఇంజెక్షన్ ఇచ్చి మెదడు రక్తప్రవాహాన్ని ఫొటో తీసేది) తీయిస్తే అసలు జబ్బు ఉందో లేదో తేలిపోతుందని, ఖర్చు తనదేనని పట్టుబడుతున్నారు. మెదడుకు రక్తం అందకపోవడం వల్లే ఇదంతా వచ్చిందా అన్నది మీ ఇంకో సందేహం. అమ్మ లోపల పక్కన కూర్చోవచ్చా అన్నది చివరిది.

నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో 19 ఏళ్లుగా ఎమ్మారై మిషన్ దగ్గర పని చేస్తున్నాను, అందులో ఆరేడేళ్లు ఎక్కువగా రీసెర్చ్ స్కాన్లే. మీ తమ్ముడి వయసు పిల్లల్ని చాలామందిని ఆ బల్ల మీద పడుకోబెట్టాను. మందుల సంగతి మీ సైకియాట్రిస్ట్ చెప్పినట్టే వినండి, స్కాన్ సంగతి నన్ను అడగండి.

రీసెర్చ్ స్కాన్‌కి అతనికి ఇష్టమైతే వెళ్లనివ్వండి. కాకపోతే దానివల్ల అతనికి సొంతంగా ఒరిగేదేమీ ఉండదని ముందే తెలుసుకుని వెళ్లాలి. బాబాయిగారి డబ్బు బాబాయిగారి దగ్గరే ఉండనివ్వండి.

ముందు ఆ రక్తం మాట. "మెదడుకు రక్తం అందట్లేదంట" అనే ముక్క మన ఇళ్లలో చాలా చేటు చేస్తోంది. మెదడు బరువు కిలో మూడు నాలుగొందల గ్రాములు, అంటే ఒంటి బరువులో 2 శాతం. గుండె పంపే రక్తంలో మాత్రం దాదాపు 15 శాతం దానికే పోతుంది, నిమిషానికి ముప్పావు లీటరు. ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో ఐదో వంతు కూడా దానిదే. ఈ సరఫరా నిజంగా ఆగిపోతే మనిషి క్షణాల్లో పడిపోతాడు. ఒక్క భాగానికి ఆగితే అది పక్షవాతం. మీ తమ్ముడి జబ్బు అలాంటిది కాదు. స్కిజోఫ్రేనియాలో నాళం మూసుకుపోయి గొంతులు వినబడటం ఉండదు. కాబట్టి బీట్‌రూట్ రసంతోనో, శీర్షాసనంతోనో, రక్తం పలచబడే మాత్రలతోనో అది తగ్గదు.

మరి రక్తప్రవాహం ఎందుకు కొలుస్తున్నారంటే, మెదడులో ఎక్కడ పని జరిగితే రక్తం అక్కడికి ఎక్కువగా వెళ్తుంది కాబట్టి. 1880ల నాటికే ఇటలీలో ఆంజెలో మోసో అనే శాస్త్రవేత్త దీన్ని కళ్లతో చూశాడు. పుర్రెకు దెబ్బ తగిలి ఎముక ఊడిన ఒక రైతు దొరికాడు ఆయనకు. ఆ సందులోంచి మెదడు కొట్టుకోవడం తెలుస్తుండేది. చర్చి గంట వినబడినప్పుడు, ఎక్కం అడిగినప్పుడు ఆ కొట్టుకోవడం పెరిగేది, చేతి నాడిలో మాత్రం మార్పు లేదు. 1890లో ఇంగ్లండ్‌లో రాయ్, షెరింగ్టన్ ఇదే సంగతిని సూత్రంగా రాశారు. ఇవాళ్టి స్కాన్లు చాలావరకు ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. ఇంటి బయట కరెంటు మీటరు గిర్రున తిరుగుతుంటే లోపల గీజరో ఏసీయో నడుస్తోందని చెప్పొచ్చు. లోపల ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో మీటరు చూసి చెప్పలేం. మేం చదివేది ఆ మీటరునే.

ఈ జబ్బులో ఆ మీటరు ఏం చూపించిందన్నది ఆసక్తిగా ఉంటుంది, కాస్త ఓపిగ్గా చదవండి. అమెరికాలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ అనే ఇద్దరు మనిషి మెదడుకు మొత్తంగా ఎంత రక్తం వెళ్తోందో కొలిచే పద్ధతి మొదటిసారి కనిపెట్టారు. మనిషి చేత కొంచెం నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి, మెదడులోకి పోయే రక్తం, బయటికొచ్చే రక్తం రెండూ తీసి లెక్క కట్టేవారు. మామూలు మనుషుల్లో నిమిషానికి 100 గ్రాముల మెదడుకు 50 మిల్లీలీటర్ల పైచిలుకు వచ్చింది. 1948లో కెటీ బృందం స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్లలో కొలిస్తే, అక్కడా అంతే వచ్చింది. ఆక్సిజన్ వాడకం కూడా అంతే. మెదడు మొత్తం తీసుకుంటే తేడా లేదు. మీ 'రక్తం అందట్లేదా' అన్న సందేహానికి జవాబు అప్పుడే వచ్చేసింది, మన దాకా చేరలేదంతే.

మొత్తంలో తేడా లేకపోయినా పంపకంలో ఉండొచ్చు కదా. 1974లో స్వీడన్‌లో డేవిడ్ ఇంగ్వార్, యోరాన్ ఫ్రాన్జెన్ రేడియోధార్మిక జెనాన్ వాయువు వాడి ఏ భాగానికి ఎంత వెళ్తోందో చూశారు. మామూలుగా ఊరికే కూర్చున్న మనిషికి నుదుటి వెనక భాగంలో ప్రవాహం ఎక్కువ ఉంటుంది. ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవాళ్లలో, ముఖ్యంగా మాటలు తగ్గిపోయి ఒక మూల కూర్చుండిపోయిన వాళ్లలో, ఆ ఎక్కువ కనబడలేదు. దీనికి హైపోఫ్రంటాలిటీ అని పేరొచ్చింది. కాన్సెంట్ ఫారంలో, అంటే సంతకం పెట్టే సమ్మతి పత్రంలో, ఈ మాట కనబడితే కంగారుపడకండి, నుదుటి వైపు ప్రవాహం తక్కువ అని దాని అర్థం.

తర్వాత 1986లో అమెరికాలో డేనియల్ వైన్‌బర్గర్ బృందం ఇంకొంచెం తెలివిగా అడిగింది. ఊరికే పడుకోబెట్టి కొలిచే బదులు ఒక పేకముక్కల ఆట లాంటి పరీక్ష ఇచ్చారు. ముక్కల్ని రంగును బట్టి పేర్చాలా, ఆకారాన్ని బట్టా, సంఖ్యను బట్టా అన్నది చెప్పరు, తప్పో ఒప్పో మాత్రం చెప్తారు. కాసేపటికి చెప్పాపెట్టకుండా నియమం మార్చేస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఈ ఆట ఆడుతుంటే నుదుటి వెనక భాగానికి రక్తం పెరిగింది. జబ్బు ఉన్నవాళ్లలో, మందులు ఆపి ఉన్నా కూడా, అంతగా పెరగలేదు. బుర్ర అంతగా అక్కర్లేని తేలిక ఆట ఇస్తే ఇద్దరికీ తేడా లేదు. నాకు ఈ పరిశోధన ఇష్టం. మీ తమ్ముడు సినిమా చూసి నవ్వుతాడు గానీ బ్యాంకు ఫారం నింపమంటే గంట కూర్చుంటాడని రాశారు చూడండి, ఆ మాట చదవగానే నాకిది గుర్తొచ్చింది. బద్ధకం అని తిట్టకండి.

గొంతుల మీద కూడా చేశారు. 1993లో లండన్‌లో ఫిలిప్ మెక్‌గైర్ బృందం 12 మందికి గొంతులు వినబడుతున్న రోజుల్లో ఒకసారి, తగ్గాక ఒకసారి స్కాన్ తీసింది. వినబడుతున్నప్పుడు బ్రోకా ప్రాంతంలో ప్రవాహం ఎక్కువగా ఉంది. బ్రోకా ప్రాంతం మనం మాట్లాడటానికి వాడేది, వినడానికి కాదు. అంటే తన లోపలి మాటనే మెదడు బయటివాళ్ల మాటగా పొరబడుతోందేమో అన్న ఆలోచనకు బలం వచ్చింది. 1995లో డేవిడ్ సిల్బర్స్‌వైగ్ బృందం, గొంతు వినబడినప్పుడల్లా బటన్ నొక్కమని చెప్పి పెట్ స్కాన్ (రేడియోధార్మిక మందుతో మెదడు పనిని ఫొటో తీసేది) తీసింది. మెదడు లోతుల్లో ఉండే థాలమస్, స్ట్రయాటమ్ లాంటి చోట్ల పని పెరగడం కనబడింది. ఈమధ్య ఏళ్లలో చూపు హిప్పోక్యాంపస్ మీదికి మళ్లింది. జ్ఞాపకాలకు సంబంధించిన ఈ భాగంలో, జబ్బు తొలి దశలోనూ, జబ్బు వచ్చే ప్రమాదం ఉన్న కుర్రాళ్లలోనూ ఊరికే పడుకున్నప్పుడు కూడా ప్రవాహం ఎక్కువగా ఉంటోందని పలు బృందాలు చెప్పాయి. అన్నింటిలోనూ ఒకేలా రాలేదు. అందుకే ఇంకా కొలుస్తున్నారు, అందుకే మీ తమ్ముణ్ణి అడిగారు.

ఇదంతా విన్నాక, మరి మా వాడికి తీస్తే తెలిసిపోతుందిగా అంటారు. తెలియదు. పక్కపక్కనే రెండు కాలేజీలున్నాయనుకోండి. ఒక కాలేజీ కుర్రాళ్ల సగటు ఎత్తు రెండోదాని కంటే అరంగుళం ఎక్కువ. ఆ తేడా నిజమే, వంద మందిని కొలిచి చెప్పింది. కానీ అమీర్‌పేట బస్టాపులో నిలబడ్డ ఒక కుర్రాణ్ణి చూపించి, ఎత్తు చూసి ఏ కాలేజీనో చెప్పమంటే ఎవడు చెప్పగలడు? రక్తప్రవాహం తేడాలన్నీ అలాంటివే. జబ్బు ఉన్నవాళ్లలో సగటు కంటే ఎక్కువ ఉన్నవాళ్లుంటారు, ఏ జబ్బూ లేని మనిషికి తక్కువ ఉండొచ్చు.

పైగా ఈ కొలత గాలివాటం లాంటిది. ఒకసారి ఒక అబ్బాయి స్కాన్‌లో మెదడు మొత్తం మీద ప్రవాహం బాగా తక్కువ వచ్చింది. మిషన్ చెక్ చేశాం, ఫిజిసిస్ట్‌ని పిలిచాం, మెడ దగ్గర రక్తానికి మేం వేసే గుర్తు (దాని సంగతి కింద చెప్తాను) సరిగా పడలేదేమోనని మళ్లీ తీశాం. చివరికి వాళ్ల నాన్న చెప్పాడు, పొద్దుటి నుంచి టెన్షన్‌గా ఉన్నాడని గేటు బయట ఇరానీ హోటల్లో వరసగా మూడు చాయ్‌లు తాగించి తీసుకొచ్చానని. కెఫీన్ మెదడు రక్తనాళాల్ని బిగిస్తుంది. రెండు మూడు కప్పుల కాఫీలో ఉండేంత కెఫీన్‌తో ప్రవాహం 20 నుంచి 30 శాతం దాకా పడిపోగలదు. జబ్బు వల్ల అని చెప్పే తేడా చాలా అధ్యయనాల్లో ఇంతకంటే చిన్నది. ఆ రోజు నుంచి మా ఫారంలో 'కాఫీ/టీ' అన్న చోట 'చాయ్ ఎన్ని, ఎన్నింటికి' అని రాయించాను. టీ తాగారా అంటే లేదంటారు, చాయ్ తాగారా అంటే అవునంటారు మనవాళ్లు. నవ్వకండి, నిజం.

చాయ్ ఒక్కటే కాదు. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ప్రవాహం పడిపోతుంది. సిగరెట్ ఒకటి, ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఆ అలవాటు ఎక్కువ. వయసుతో తగ్గుతుంది, ఆడవాళ్లలో మగవాళ్ల కంటే ఎక్కువ ఉంటుంది. రక్తహీనత ఉంటే మరీ ఎక్కువ కనబడుతుంది. రక్తం పలచగా ఉంటే అదే ఆక్సిజన్ చేర్చడానికి ఎక్కువ రక్తం పంపాలి కదా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ సంగతి పట్టించుకోకుండా ఇక్కడి ఆడవాళ్ల అంకెల్ని ఇంకో దేశం అంకెల పక్కన పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పోలిక కోసం వచ్చిన ఒక ఆరోగ్యవంతురాలికి మా దగ్గర అందరికంటే ఎక్కువ ప్రవాహం వచ్చింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8. ఆమె స్కాన్ మాకు పనికిరాలేదు గానీ, ఆమెకు ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. టీమ్ మంచిదైతే స్కాన్ రోజు చిన్న రక్తపరీక్ష అడుగుతుంది. అడగకపోతే మీరే అడగండి.

మందుల ప్రభావం మరీ పెద్ద చిక్కు. ఈ జబ్బుకు వాడే మందులే ప్రవాహాన్ని మారుస్తాయి. హాలోపెరిడాల్ లాంటివి మెదడు లోపలి స్ట్రయాటమ్‌లో పెంచుతాయి. కనబడింది జబ్బా, మందా అన్న తగవు ఈ రంగంలో యాభై ఏళ్లుగా నడుస్తోంది. అందుకే కొందరు పరిశోధకులకు ఇంకా మందు మొదలుపెట్టని మనుషులు కావాలి. మీ తమ్ముడు ఇప్పటికే మందుల మీద ఉన్నాడు కాబట్టి ఆ గొడవ లేదు. ఒకవేళ ఎవరైనా స్కాన్ కోసం రెండు వారాలు మాత్రలు ఆపమంటే మాత్రం అక్కడితో ఆగిపోండి. ఆ ఒక్క షరతు చాలు వద్దనడానికి. మీ సైకియాట్రిస్ట్‌కి చెప్పకుండా ఒక్క డోసు కూడా ఆపకూడదు.

ఇప్పుడు బాబాయిగారి స్పెక్ట్. చేతి నరంలోకి టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు ఎక్కిస్తారు. అది ఒకటి రెండు నిమిషాల్లో రక్తంతోపాటు మెదడుకు చేరి అక్కడే అంటుకుపోతుంది. తర్వాత తీరిగ్గా కెమెరా కింద తిప్పి ఫొటో తీస్తారు. ఆ ఫొటో చెప్పేది ఇంజెక్షన్ ఇచ్చిన ఆ రెండు నిమిషాల సంగతి మాత్రమే. ఆ సమయంలో మనిషి భయపడ్డాడా, మాట్లాడాడా, కళ్లు మూసుకున్నాడా అన్నవన్నీ అందులో కలిసిపోతాయి. మూర్ఛ ఎక్కడ మొదలవుతోందో పట్టుకోవడానికి, కొన్ని రకాల మతిమరుపు జబ్బుల్లో దీన్ని డాక్టర్లు వాడతారు, అక్కడ దాని విలువ దానికుంది. స్కిజోఫ్రేనియా ఉందో లేదో తేల్చే స్కాన్ మాత్రం ఇవాళ్టికి ప్రపంచంలో ఎక్కడా లేదు. స్పెక్ట్ లేదు, పెట్ లేదు, ఎమ్మారై లేదు. మనిషితో, ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడి, కొన్నాళ్లు చూసి డాక్టరు చెప్పేదే నిర్ధారణ. మొదటిసారి వచ్చినప్పుడు మీ తమ్ముడికి మామూలు ఎమ్మారై తీశారన్నారు, అది వేరే పని. గడ్డో, మెదడు వాపో ఇలాంటి లక్షణాలు చూపిస్తోందేమో చూసి, కాదని పక్కన పెట్టడానికి తీస్తారు.

మా బంధువుల్లో ఒకాయన ఈ ముచ్చట తీర్చుకున్నాడు. వరసకు నాకు అన్న. ఊరి పేరు, సెంటర్ పేరు ఎందుకులే. కొడుకుకి రెండేళ్లుగా మందులు నడుస్తున్నాయి, కాలేజీకి కూడా వెళ్తున్నాడు. ఎవరో చెప్తే తీసుకెళ్లి స్కాన్ తీయించాడు. నీలం, ఎరుపు, పసుపు రంగులతో మెరిసే నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చారు. రెండు వైపులా నుదుటి భాగంలో రక్తప్రవాహం తగ్గింది అని రాశారు. ఆ రంగులు ఎవరు ఎంచుకుంటారో తెలుసా? కంప్యూటర్ ముందు కూర్చున్న మాలాంటివాళ్లు. రంగుల కొలబద్దలో కింది గీత కాస్త పైకి జరిపితే ఇంకొంచెం మెదడు నీలమైపోతుంది. అన్న ఆ నీలాన్ని రక్తం గడ్డకట్టడం అనుకున్నాడు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లలేదు. పిచ్చి మందులు కావు మావాడికి కావాల్సింది, గుండెకిచ్చే మందులే అని రాత్రి మాత్రలు ఆపేసి ఆస్పిరిన్ మొదలుపెట్టాడు. మొదటి నెల ఏమీ కాలేదు, చూశావా అని నాకే ఫోన్ చేసి చెప్పాడు. ఏడో వారం ఒక రాత్రి పిల్లవాడు ఇంట్లోంచి వెళ్లిపోయాడు. సికింద్రాబాద్ స్టేషన్లో పదో నెంబరు ప్లాట్‌ఫారం మీద చెప్పుల్లేకుండా దొరికాడు. మళ్లీ కాలేజీ మొహం చూడటానికి ఏడాదిన్నర పట్టింది. ఆ రిపోర్టు ఇప్పటికీ వాళ్ల బీరువాలో ఉంది.

ఇక రీసెర్చ్ స్కాన్ దగ్గరికి వద్దాం. ఇంజెక్షన్ లేదన్నారంటే అది ఏఎస్ఎల్ (ఆర్టీరియల్ స్పిన్ లేబెలింగ్) అనే ఎమ్మారై పద్ధతి అయ్యుంటుంది. 1992లో అమెరికాలో జాన్ డెట్రె, అలన్ కొరెట్‌స్కీ బృందం దీన్ని బయటపెట్టింది. బయటి మందేదీ ఎక్కించకుండా ఒంట్లో రక్తాన్నే మందులా వాడుకోవడం దీని చమత్కారం. మెడలోంచి పైకి పోతున్న రక్తంలోని నీటికి అయస్కాంతంతో, రేడియో తరంగాలతో ఒక గుర్తు వేస్తాం. చాకలి బట్టల మీద పెట్టే గుర్తు లాంటిదే, కాకపోతే ఇది కొన్ని సెకన్లలో దానంతటదే వెలిసిపోతుంది. మామూలుగా 1.8 సెకన్లు గుర్తు వేసి, ఇంకో 1.8 సెకన్లు ఆగి, ఆ రక్తం మెదడులోకి చేరాక ఫొటో తీస్తాం. తర్వాత గుర్తు వేయకుండా ఇంకో ఫొటో. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది కొత్తగా వచ్చిన రక్తం. ఆ మిగిలేది ఎంతో తెలుసా, సుమారు ఒక శాతం. అందుకే అవే జతలు పదేపదే తీసి సగటు కడతాం, ఐదారు నిమిషాలు పడుతుంది. ఆ ఐదారు నిమిషాల్లో తల కొంచెం కదిలినా ఆ ఒక్క శాతం కాస్తా కొట్టుకుపోతుంది. రేడియేషన్ లేదు, నొప్పి లేదు. మిగతా ఫొటోలతో కలిపి లోపల నలభై నిమిషాల నుంచి గంట అనుకోండి.

నొప్పి లేదు గానీ చప్పుడు ఉంది. దీని గురించి కాన్సెంట్ ఫారంలో ఒక లైనే ఉంటుంది, నేను ఎక్కువ చెప్తాను. వంద డెసిబెల్స్ దాటుతుంది. టకటకటక అని, మధ్యలో ఆగి గర్రుమని. మామూలు మనిషికే చిరాకు. గొంతులు వినబడే మనిషికి ఆ చప్పుడులోంచి మాటలు పుట్టొచ్చు. మొదట్లో నాకిది తెలియదు. పందొమ్మిదేళ్ల కుర్రాడు, సిద్దిపేట వైపు నుంచి వచ్చాడు, బుద్ధిగా పడుకున్నాడు. నాలుగో నిమిషంలో, ఆపమని చెప్పడానికి చేతికిచ్చిన రబ్బరు బంతి నొక్కాడు. ఆపి మైకులో అడిగాను. "అన్నా, గీ మిషన్ల ఎవరో ఉన్నరు. నా పేరు పెట్టి పిలుస్తున్నరు" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు, సమాచారం చెప్తున్నట్టు చెప్పాడు. బయటికి తీసి కూర్చోబెట్టాను. ఆ రోజు స్కాన్ వద్దులే అన్నాను. లేదన్నా, నువ్వు మధ్యమధ్యల మాట్లాడు, నీ గొంతు నాకు ఎరుకైతది అన్నాడు. ప్రతి రెండు నిమిషాలకు చిన్నా, ఇంకో రెండు నిమిషాలు అని మైకులో చెప్తూ పూర్తి చేశాం. అప్పటి నుంచి ఎవరొచ్చినా ముందు నా ఫోన్లో ఆ చప్పుళ్ల రికార్డింగ్ వినిపిస్తాను. మీ తమ్ముడికి కూడా ముందురోజే వినిపించమని అడగండి. స్కాన్ చేసే మనిషితో పది నిమిషాలు మాట్లాడించమనండి.

ఆ కుర్రాడి మెడలో జహంగీర్ పీర్ దర్గా తాయత్తు ఉండేది, లోపల రాగి రేకు. మొలతాడుకి ఒక వెండి బిళ్ల. లోహం ఏదైనా లోపలికి రాకూడదు. ఇలాంటివి కత్తిరించి పడేస్తే ఆ మనిషి ఆ తర్వాత మన మాట వినడు. నేను కత్తెర ముట్టను. వాళ్ల అమ్మనో నాన్ననో విప్పమంటాను, వాళ్ల కొంగులోనే కట్టుకోమంటాను, స్కాన్ అయ్యాక వాళ్ల చేతే కట్టిస్తాను. మీ తమ్ముడికి అలాంటివి ఉంటే ఇంటి దగ్గరే అమ్మ చేత తీయించి తీసుకురండి. చిన్నప్పుడు కాలో చెయ్యో విరిగి రాడ్ వేశారా, కంట్లో ఇనుప రజను పడిందా, ఇవి కూడా గుర్తు చేసుకుని చెప్పండి.

సంతకం ఎవరు పెట్టాలన్నారు. అతనే పెట్టాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బు ఉన్న మనిషి మీద పరిశోధన చేయాలంటే అతని ఇష్టపూర్వక సమ్మతి కావాలి. అతను అర్థం చేసుకుని ఒప్పుకునే స్థితిలో లేకపోతే పరిశోధకులు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి తెచ్చుకోవాలి, అతను నియమించుకున్న ప్రతినిధి సమ్మతి కూడా చూస్తారు. అక్కగా మీరు పెట్టేసి, లోపలికి పోరా అనడానికి లేదు. మధ్యలో ఎప్పుడైనా వద్దనొచ్చు, వద్దన్నందుకు వైద్యం తగ్గించకూడదు. ఫారం తెలుగులో అడగండి, ఇస్తారు, ఇవ్వాలి. ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా, ఫొటోల మీద పేరు తీసేస్తారా, అనుకోకుండా గడ్డ లాంటిది కనబడితే ఎవరు చెప్తారు, ఎంత త్వరగా చెప్తారు అని అడగండి. ఈ చివరి ప్రశ్నకు తడబడితే కొంచెం అనుమానించండి. బస్సు, ఆటో ఖర్చులు ఇవ్వడం మామూలే. స్కాన్‌కి మీ దగ్గర డబ్బు అడిగితే అది రీసెర్చ్ కాదు.

రిపోర్టు ఇస్తారా అంటే, రక్తప్రవాహం అంకెలు ఇవ్వరు. ఇవ్వకపోవడమే మంచిది, పైన మా అన్న కథ చదివారుగా.

స్కాన్‌కు రెండు రోజుల ముందు మీ తమ్ముడికి గొంతులు పెరిగినా, నిద్ర పట్టకపోయినా, స్కాన్ వాయిదా వేయించండి, వాళ్లేమీ అనుకోరు. రాత్రిపూట డాక్టరు దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ పేరు వింటేనే మీ అమ్మగారికి కళ్లనీళ్లు వస్తాయని రాశారు. మన ఊళ్లో ఎర్రగడ్డ అన్న మాటనే తిట్టు చేసి పెట్టాం, ఆమె తప్పు లేదు. అక్కడి ఓపీలో రోజూ ఉద్యోగాలకు పోతూ పోతూ మందులు తీసుకెళ్లేవాళ్లు ఎంతమందో ఒక్కసారి ఆమెను తీసుకెళ్లి చూపించండి.

అమ్మ లోపల కూర్చోవచ్చు. చాలాచోట్ల ఒప్పుకుంటారు, ముందురోజు ఫోన్ చేసి చెప్తే చాలు. ఆమెకు కూడా అవే ప్రశ్నలు వేస్తారు, పేస్‌మేకర్ ఉందా, ఆపరేషన్లో క్లిప్పులేమైనా వేశారా అని. మెట్టెలు, పట్టీలు, గాజులు, జడపిన్నులు, చీరకు పెట్టుకున్న పిన్నీసులు అన్నీ తీయాలి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే గొడవ పడకుండా బయటే ఉండి, అద్దంలోంచి చూడమనండి. లోపలికి వస్తే చెవుల్లో దూది కాదు, మేమిచ్చే ప్లగ్గులు పెట్టుకోవాలి. అతని పాదం మీద చెయ్యి వేసి కూర్చోమనండి. తల దగ్గర వద్దు, అతను అటు తిరిగితే మళ్లీ మొదటి నుంచి తీయాలి.